సీసం బిళ్ళలూ మెత్తటి స్ప్రింగూ

సిడ్నీలో నేను మొదట అద్దెకు దిగింది బ్లాక్‌టౌన్‌లో, ఒక ఇంటి పెరట్లో కట్టిన గ్రానీ ఫ్లాట్‌లో. ముందున్న పెద్దింట్లో ఓనర్లు ఉండేవాళ్ళు. కర్నూలు ముస్లింలు, అంకుల్, ఆంటీ. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు "మాది నంద్యాల" అన్నానో లేదో, అంకుల్ గదులు చూపించడం మానేసి నన్ను సోఫాలో కూర్చోబెట్టారు. ఆంటీ టీ ఇచ్చింది, సమోసా ఇచ్చింది, మళ్ళీ టీ ఇచ్చింది. తాళంచెవి చేతికొచ్చింది గానీ, ఆ ఫ్లాట్‌లో వంటగది ఎంత ఇరుకో నాకు తెలిసింది మాత్రం సామాన్లు దించుకున్నాకే.

వాళ్ళిద్దరూ తమలో తాము ఉర్దూ మాట్లాడుకునేవాళ్ళు. నేను గడపలో అడుగు పెట్టగానే మధ్యలో ఉన్న మాట కూడా తెలుగులోకి మారిపోయేది. ఎదురుగా కూర్చున్న పిల్లకు అర్థంకాని భాషలో మాట్లాడటం మర్యాద కాదని వాళ్ళ ఉద్దేశం. మర్యాదలో ఆ ఇంటికి సాటి లేదు. నాకు తిప్పలు వచ్చిపడింది కూడా ఆ మర్యాదతోనే.

అది వైటూకే కాలం. కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెలతో సరిపెట్టిన పాపానికి, రెండువేలు రాగానే అవన్నీ పందొమ్మిదివందలు అనుకుని తలకిందులవుతాయని లోకమంతా హడలిపోతోంది. ఆ హడలు పుణ్యమా అని మాలాంటివాళ్ళం గుంపులు గుంపులుగా విమానాలెక్కాం. నాది టెస్టింగ్ ఉద్యోగం. ప్రోగ్రామర్లు మార్చినదాన్ని వాడి చూడటం, రోజూ దాంతో పనిచేసేవాళ్ళను కూర్చోబెట్టి "ఎలా ఉంది?" అని అడగటం. మా ఆఫీసులో ఒక పెద్దావిడ ఉండేది. నేను చూపించిన ప్రతి స్క్రీన్‌కీ "దిస్ ఈజ్ రబ్బిష్, లవ్" అనేది. ముఖాన చిరునవ్వు కూడా చెరగనిచ్చేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది. ట్రైన్లో ఇంటికొచ్చేదాకా ఆమెను మనసులో తిట్టుకుంటూనే ఉండేదాన్ని. ఇంటికొస్తే ఆంటీ, అంకుల్. ఏం చేసినా "శానా బాగుంది బేటీ" అనే మనుషులు. ప్రాణం లేచొచ్చేది.

అంకుల్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఆ వర్క్‌షాపు స్నేహితులే ఆయన్ను ఎప్పుడో ఒక ఆదివారం తుపాకీ క్లబ్బుకు తీసుకెళ్ళారట. అప్పట్నుంచీ ఆదివారమంటే ఆయనకు క్లబ్బే. ఊరు దాటాక కొండ కింద మైదానం. దూరంగా ఇనుముతో కోసిన బొమ్మలు వరసగా నిలబెట్టి ఉంటాయి. దగ్గర్లో కోళ్ళు, ఆ వెనక పందులు, టర్కీలు, అన్నిటికన్నా వెనక పొట్టేళ్ళు. గుండు తగిలితే టంగుమని మోగి వెల్లకిలా పడతాయి. పందిని కొట్టడం మీకు పరవాలేదా అని నేను వేళాకోళమాడితే, "కొట్టేదే గదా బేటీ, తినేది కాదు గదా" అని నవ్వేవారు.

నేను దిగేనాటికి ఆయన కుడి భుజానికి ఆపరేషన్ అయి కొన్ని నెలలైంది. ఎముకకు ఏదో చేసి కుట్టారు. పేలినప్పుడు పెద్ద రైఫిలు వెనక్కి తన్నే తన్నుడు ఆ భుజం తట్టుకోదని దాన్ని అమ్మేసి, పిస్టల్ తూటాలతో పేలే చిన్న రైఫిలు ఒకటి పాతది కొన్నారు. తూటా చిన్నది కాబట్టి తన్నూ చిన్నదే. ఒక్కో తూటాకూ కింద ఉన్న లివరును చేత్తో కిందికి లాగి మళ్ళీ పైకి మూయాలి. దాని కట్టె వెనకభాగం తనకు సరిపడేలా కోసి, నున్నగా తోమి, తనకు తగ్గట్టు మెల్లమెల్లగా తయారు చేసుకుంటున్నారు. అయినా ఆపరేషన్ తర్వాత క్లబ్బుకు సరిగా పోలేకపోయారు. పోయినా కొన్ని తూటాలు పేల్చి, కుర్చీలో కూర్చుని మిగతావాళ్ళను చూసి వచ్చేవారు.

ఇక్కడొక నిబంధన ఉంది. ఈ దేశంలో క్లబ్బు పేరు చెప్పి లైసెన్సు తీసుకున్నవాళ్ళు ఏడాదికి ఇన్నిసార్లని క్లబ్బు పోటీల్లో పాల్గొని తీరాలి. లేకపోతే లైసెన్సు పోతుంది, లైసెన్సుతో పాటు తుపాకీ పోతుంది. ఆ ఏడాది అంకుల్‌కి లెక్క నిండాలంటే వసంతంలో జరిగే పెద్ద పోటీ ఒక్కటే మిగిలింది. ఆ పోటీలో ఆయన పేరుకు నిలబడితే చాలదు, బొమ్మలన్నిటి మీదా పేల్చాలి.

"పోతే పోయిందిలే అంకుల్" అన్నాను ఒకరోజు, తెలియక.

అంకుల్ టీ కప్పు కింద పెట్టారు. "ఇంట్లో ఉంటే మీ ఆంటీకి పేషెంటును. వెస్ట్‌మీడ్ ఆస్పత్రికి పోతే డాక్టర్‌కు పేషెంటును. ఆడికి పోతేనే బేటీ, నేను మనిషిని. 'గుడాయ్ మేట్' అంటారు. చెయ్యి ఎట్లుందని ఎవరూ అడగరు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. తుపాకీలంటే నాకు ఏ మోజూ లేదు. ఆ చప్పుడంటే భయం కూడా. కానీ ఆయన కుర్చీలో కూర్చుని వేరేవాళ్ళ బొమ్మలు పడిపోతుంటే చప్పట్లు కొట్టడం మాత్రం నేను చూడలేననుకున్నాను. నాకు తెలిసిన విద్య ఒక్కటే. ఒక్కోటీ మార్చి చూడటం, అడగటం, మళ్ళీ మార్చటం. ఆ విద్యంతా ఈ రైఫిలు మీద ప్రయోగించాలని తీర్మానించుకున్నాను.

ఆఫీసులో లంచ్ టైములో ఇంటర్నెట్‌లో వెతికాను. అమెరికావాళ్ళు పిస్టల్ తూటాల రైఫిళ్ళ గురించి పేజీలకు పేజీలు వాదించుకుంటున్నారు. బఫర్ అని ఒక బరువు ఉంటుందట, తుపాకీ వెనకభాగంలో స్ప్రింగు ముందు అటూ ఇటూ కదులుతుందట. ఎంత బరువు వేయాలి, ఎంత గట్టి స్ప్రింగు వేయాలి అన్నదాని మీద అక్కడ కొట్టుకు చచ్చిపోతున్నారు. బరువెక్కువైతే ఒక తంటా, తక్కువైతే ఇంకో తంటా. ఇదేదో నా ఉద్యోగంలాగే ఉందని నాకు మహా సంబరమేసింది. ఆఫీసు ప్రింటరు వేడెక్కేదాకా ప్రింట్లు తీసి, కట్టగట్టి అంకుల్ ముందు పెట్టాను.

అంకుల్ కళ్ళజోడు పెట్టుకుని ప్రతి పేజీ తిప్పారు. "బాగుంది బేటీ. శానా కష్టపడినావు" అన్నారు. ఆంటీని పిలిచి చూపించారు కూడా.

నేను ఆ బఫర్ బరువుల లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. ఒక శనివారం అంకుల్, తోటకు నీళ్ళు పడుతూ, ఏదో వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు. "ఆ బఫరు ఉండేది తనంతట తనే తూటా ఎక్కించుకునే రకానికమ్మా. ఈ దేశంలో అది మనట్లాంటోళ్ళకు ఇయ్యరు. మనది చేత్తో లాగేది. దీనికి బఫరే ఉండదు."

"అది ఆరోజే చెప్పొచ్చు గదా అంకుల్!"

"అంత కష్టపడి తెచ్చినావే, ఎట్ల చెప్పేది?"

నేను పడీపడీ నవ్వాను. ఆయన మర్యాదకు ముచ్చటపడ్డాను కూడా. అంతటితో ఆగిపోయాను. టెస్టరును అయ్యుండి, ఈ మనిషి నోట 'బాగుంది' అన్నమాటకు విలువెంతో అక్కడికక్కడే తేల్చుకోవాల్సింది.

బఫర్ లేకపోతేనేం, స్ప్రింగు అన్నింట్లోనూ ఉంటుంది, బరువు దేనికైనా వేయొచ్చు. అంకుల్‌నే అడిగి తెలుసుకున్నాను. లివరు లాగినప్పుడు లోపలి సుత్తి వెనక్కి వంగుతుంది. ఆ సుత్తిని ముందుకు తోసే స్ప్రింగు గట్టిగా ఉంటే లివరు లాగడం బరువు. మెత్తటి స్ప్రింగు వేస్తే లివరు తేలిగ్గా వస్తుంది. ఇక తన్నుడు సంగతి. తుపాకీ ఎంత బరువుంటే భుజానికి అంత తక్కువ తగులుతుంది. కట్టె వెనక ఉన్న రేకు విప్పితే లోపల ఖాళీ ఉంది. అందులో సీసం వేస్తే సరి.

తుపాకుల షాపుకు ఆయనే వెళ్ళి, రకరకాల గట్టిదనంతో ఉన్న స్ప్రింగులు తెచ్చారు. సీసం మాత్రం నా డ్యూటీ. చేపలు పట్టేవాళ్ళ షాపుకెళ్ళి గాలానికి కట్టే సీసం బిళ్ళలు అడిగాను. ఏం చేపలు పడతావని షాపువాడు అడిగితే ఏం చెప్పాలో తెలియక "పొట్టేళ్ళు" అన్నాను. వాడు నవ్వలేదు. ఇంటికి తెచ్చి ఆంటీ గోధుమపిండి తూచుకునే త్రాసు మీద తూచాను. విడివిడిగా వేస్తే లోపల గలగలమంటాయని ఆంటీ తన పాత దుపట్టా కత్తిరించి చిన్న చిన్న సంచులు కుట్టింది. ఆకుపచ్చవి, అంచుకు జరీ కూడా ఉంది. అంత అందమైన సీసం ఆ క్లబ్బులో ఇంకెవరి తుపాకీలోనూ ఉండి ఉండదు.

భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి అంకుల్ పని మొదలుపెట్టేవారు. తుపాకీ ఆయన చేతిలోనే ఉండాలి, లైసెన్సు లేనిదాన్ని నేను ముట్టుకోకూడదు. స్ప్రింగులు, స్క్రూలు అందించడం నా వంతు. ఎడమచేత్తో నెమ్మదిగా విప్పేవారు, కుడిచేత్తో బల్ల మీదే ఆనించి పట్టుకునేవారు. ఫిట్టరు చేతులు, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. మెత్తటి స్ప్రింగు వేసి లివరు కదిపారు.

"తేలికైందా అంకుల్?"

"అయింది బేటీ. శానా తేలికైంది."

ఆ ఆదివారం క్లబ్బులో ఆయన సాధన చేస్తుంటే వెనక, చూసేవాళ్ళు దాటకూడని గీతకు ఇవతల, చెవులకు డిప్పలు పెట్టుకుని నిలబడ్డాను. డిప్పలు పెట్టుకుంటే ఏదీ సరిగా వినపడదు. పొగ చూసీ, బొమ్మ పడ్డం చూసీ లెక్కపెట్టుకోవడమే. మధ్యమధ్యలో ఆయన లివరు రెండోసారి లాగడం కనిపించేది. పేలని తూటా కింద పడేది. "ఏమైంది?" అని సైగ చేస్తే "తూటా బాగలేదు" అని సైగ చేసేవారు. నేను తూటాల కంపెనీని తిట్టుకున్నాను.

"తన్ను తగ్గిందా అంకుల్?" అని అడిగాను, సీసం వేసిన వారం.

"తగ్గింది తల్లీ. భుజానికి తెలియనే లేదు."

ఇంకొంచెం సీసం వేశాం. "ఇప్పుడు?" "ఇప్పుడు ఇంకా బాగుంది." ఇంకొంచెం మెత్తటి స్ప్రింగు. "ఇప్పుడు?" "ఫస్ట్‌క్లాస్." నా జీవితంలో ఇంత సాఫీగా సాగిన టెస్టింగ్ ఇంకోటి లేదు. ఆఫీసులో ఆ పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకుని అంకుల్‌ని చూపించాలనిపించేది, మనిషంటే ఇలా ఉండాలమ్మా అని. తేలికైందనీ తన్ను తగ్గిందనీ ఆయన చెప్పిన జవాబుల్లో అబద్ధం లేదు. స్ప్రింగు మెత్తబడితే లివరు తేలికవుతుంది, సీసం వేస్తే తన్ను తగ్గుతుంది. నేను అడిగినవాటికే ఆయన జవాబిచ్చారు.

పెద్ద పోటీ రోజు ఎండ బాగా కాసింది. ఆంటీ డబ్బాల్లో పులావు, టమాటా చట్నీ కట్టిచ్చింది. ఆమె రాలేదు. ఆ చప్పుడు తనకు పడదనీ, ఇంట్లో కూర్చుని దువా చేస్తాననీ అంది. అంకుల్ భుజం బాగాలేదు కాబట్టి కారు నేనే నడిపాను. మైదానమంతా టోపీలు, ముక్కుల మీద తెల్ల క్రీములు, సాసేజీల పొగ. అంకుల్ కనిపించగానే అందరూ చెయ్యెత్తి పలకరించారు. ఆయన ఎడమచెయ్యి ఎత్తారు.

ఆయన వంతు వచ్చింది. పక్కన నిబంధనలు చూసే ఆవిడ నిలబడింది. ఆరడుగుల మనిషి, వెడల్పాటి టోపీ, ఎండకు కందిన చేతులు. కోళ్ళు మొదటి వరస. అంకుల్ రైఫిలు ఎత్తారు. ఎత్తడానికి చాలాసేపు పట్టింది. మోచేతిని పక్కటెముకలకు ఆనించి, మెడను వంచి, తుపాకీ దగ్గరకు తనే వెళ్ళినట్టు వెళ్ళారు. ఒక కోడి పడింది. ఇంకోటి పడింది. తర్వాత పొగ రాలేదు.

పేలకపోతే గొట్టాన్ని బొమ్మల వైపే ఉంచి కాసేపు కదలకుండా నిలబడాలి. తూటా ఆలస్యంగా పేలొచ్చు. ఆయన అలాగే నిలబడ్డారు. ఆ సీసం బరువంతా ఆ చేతిమీద ఉంది. భుజం వణకడం వెనక నుంచి నాకు స్పష్టంగా కనపడింది. చొక్కా వీపు మీద చెమట పాకింది. గడువయ్యాక లివరు లాగి ఇంకోటి ఎక్కించారు. అదీ పేలలేదు. మళ్ళీ అలాగే నిలబడ్డారు. నేను చెవి డిప్పలు తీసేశాను.

ఆ ఆవిడ దగ్గరకెళ్ళి "యూ రైట్, మేట్?" అంది.

"ఆల్ గుడ్."

"డజంట్ లుక్ గుడ్ టు మీ."

అంకుల్ తుపాకీని బల్ల మీదకు దించారు. దించడం కాదు, అది దానంతటదే దిగింది. "నో" అన్నారు. "నాట్ గుడ్. స్ప్రింగ్ టూ సాఫ్ట్. గన్ టూ హెవీ. ఐ కాంట్ లిఫ్ట్."

అంత గబగబా, అంత తేలిగ్గా చెప్పేశారు. ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడకు. నెలల తరబడి నేను వెంటపడి అడిగినా నాకు చెప్పని మాటలు అవి. నాకు కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, చెవులు వేడెక్కిపోయాయి.

ఆవిడ ఏమీ అనుకోలేదు. "రైటో, ఫిక్స్ ఇట్, కం బ్యాక్ విత్ ద నెక్స్ట్ మాబ్" అని పక్కకెళ్ళిపోయింది. అంకుల్ తుపాకీ ఖాళీ చేసి, చూపించి, వెనక ఉన్న బెంచీ దగ్గరకొచ్చారు. బ్యాగు జిప్పు తీసి ఒక గుడ్డమూట బయటికి తీశారు. అందులో పాత స్ప్రింగు. మొదటినుంచీ అదే బ్యాగులో ఉందన్నమాట.

"మీకు ముందే తెలుసు" అన్నాను.

ఆయన రేకు విప్పి ఆకుపచ్చ సంచులు ఒక్కొక్కటే తీసి బెంచీ మీద పెడుతున్నారు.

"స్ప్రింగు మెత్తబడి సుత్తి తూటాను గట్టిగా కొట్టడం లేదని తెలుసు. బరువెక్కువైందని తెలుసు. తూటాలు బాగలేవని చెప్తిరి. ఎందుకు అంకుల్? నేనడిగినా గదా, ప్రతి వారం అడిగినా గదా!"

"నువ్వంత ప్రేమతో చేస్తాంటే, మీ ఆంటీ జరీ పెట్టి మరీ కుడతాంటే, బాగలేదని ఎట్ల చెప్పేది బేటీ?"

"మా నాయనైతే మొదటి దినమే తిట్టి పారేసేవాడు."

"మీ నాయన తిడితే నువ్వు యాడికి పోతావు? ఆయన బిడ్డవే. నేను తిడితే ఇంగో ఇల్లు చూసుకుంటావు."

ఏడవడం నాకు సరిగా చేతకాదు, ఏడుపొచ్చే చోట కూడా కోపమే వస్తుంది. "బ్లాక్‌టౌన్‌లో ఇంత ఇరుకు వంటిల్లు నాకింకెవరిస్తారు అంకుల్?" అన్నాను. ఆయన తలెత్తి చూశారు. "ఇరుకా? బాగుందంటివే!" అన్నారు. ఇద్దరం నవ్వేశాం. ఆయన స్క్రూ బిగించడం ఆపి మరీ నవ్వారు.

పాత స్ప్రింగుతో, సీసం లేకుండా, తర్వాతి జట్టుతో మళ్ళీ నిలబడ్డారు. ఈసారి ప్రతి తూటా పేలింది. లివరు లాగిన ప్రతిసారీ ఆయన పళ్ళు బిగబట్టడం పక్కనుంచి కనపడింది. బొమ్మలన్నిటి మీదా పేల్చారు. కోళ్ళు మాత్రం మర్యాదగా పడ్డాయి. పొట్టేళ్ళు ఒక్కటీ కదల్లేదు. ఆ రోజు అందరికన్నా కింద ఆయన పేరే. కానీ ఏడాది లెక్క నిండింది.

తిరుగుప్రయాణంలో "ఇప్పుడు తిట్టండి అంకుల్. మొదలుపెట్టండి" అన్నాను, ఉత్తినే.

ఆయన నిజంగానే మొదలుపెట్టారు. ఇండికేటరు తిరిగినాక కాదు, తిరగకముందు వేయాలన్నారు. నా టీ చక్కెర నీళ్ళన్నారు. పెరట్లో ఆరేసిన బట్టలు మూడునాళ్ళయినా తీయవన్నారు. ఆ ప్రింట్ల కట్ట ఇంట్లో యాడ పెట్టేది తెలియక గరాజ్‌లో వేసినానన్నారు. నేను నవ్వలేక చస్తున్నాను. అట్లా తిట్టుకుంటూ తిట్టుకుంటూ, బ్లాక్‌టౌన్ రైల్వే బ్రిడ్జి దగ్గరకొచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది.

"చెయ్యి బాగలేదమ్మా. భుజం దాటి పైకి లేచేదే లేదు. దినదినానికీ బిగుసుకుంటాంది."

"డాక్టర్‌కు చెప్పినారా?"

"మన గుంటూరు పిల్లోడమ్మా. అంత శ్రద్ధగా ఆపరేషన్ చేసినాడు. ఎట్లుంది అంకుల్ అని ఎంత ఆశతో అడుగుతాడనీ. బాగుందంటి."

కారు పక్కకు తీసి ఆపేశాను. ఇండికేటరు ముందే వేశాను. ఆయన అది గమనించినట్టు లేదు. తుపాకీ గురించి బాగుందంటే ఒక పోటీ పోతుంది. దీని గురించి బాగుందంటే చెయ్యే పోతుంది. "రేపే ఫోన్ చేస్తా. ఆడ మీరు 'ఆల్ గుడ్' అన్నారంటే నిజంగానే ఇంగో ఇల్లు చూసుకుంటా" అన్నాను. తమాషాకు అన్నాననుకున్నాను గానీ మా ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఆ వారంలోనే ముగ్గురం వెస్ట్‌మీడ్ వెళ్ళాం. డాక్టర్ నాకంటే పెద్దగా వయసున్నవాడేం కాదు, నవ్వు మొహం. "రండి అంకుల్ గారూ, ఎలా ఉందండీ భుజం?" అన్నాడు. వెంటనే అంకుల్ మొహం మీదికి ఆ చిరునవ్వు వచ్చేసింది. నేను గట్టిగా దగ్గాను. చిరునవ్వు అలాగే ఉంది గానీ, "బాగలేదు బాబూ" అన్నారు. "ఏమనుకోవద్దు. నీ తప్పు కాదు. లేవడం లేదు."

డాక్టర్ ఏమీ అనుకోలేదు. కుర్చీ దగ్గరకు లాక్కుని చెయ్యి పట్టుకుని పైకి, పక్కకు, వెనక్కి తిప్పి చూశాడు. భుజం దగ్గర ఆగిపోయింది. "ఇంత బిగుసుకుపోతే మరి రోజూ ఎలా నెట్టుకొస్తున్నారండీ? చొక్కా ఎలా తొడుక్కుంటున్నారు? తలెలా దువ్వుకుంటున్నారు?"

దానికి ఆంటీ ముందుకొచ్చింది. "తల నేనే దువ్వుతా డాక్టర్. ఆపరేషన్ అయినకాడ్నుంచీ నేనే. నా చేత్తో దువ్వితే హాయిగా ఉంటాదంట. దినామూ నువ్వే దువ్వు అంటాడు." చెప్తూ చెప్తూ సిగ్గుపడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ వయసులో మొగుడికి తనమీద ముద్దు పుట్టుకొచ్చిందని ఆ మొహంలో వెలుగు.

డాక్టర్ తన కాగితాల వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఆంటీ మా ఇద్దరినీ చూసింది, తర్వాత అంకుల్‌ని చూసింది. ఆయన తలెత్తలేదు. ఆమె మొహంలోని వెలుగు కొంచెం కొంచెంగా తగ్గిపోవడం నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

డాక్టర్ మెల్లగా చెప్పాడు. ఇంకొన్ని నెలలు ఆలస్యమైతే కష్టమయ్యేదట. ఇప్పుడు సూదులున్నాయి, వ్యాయామాలున్నాయి, ఓపిక ఉంటే చెయ్యి మళ్ళీ లేస్తుందట. "మరి తుపాకీ?" అన్నారు అంకుల్. "ముందు దువ్వెనండీ. తుపాకీ తర్వాత" అన్నాడు డాక్టర్. క్లబ్బుకు తను కాగితం రాసిస్తాననీ, వచ్చే ఏడాది లెక్క గురించి దిగులు పడొద్దనీ అన్నాడు.

బయటి వరండాలో లిఫ్టు కోసం నిలబడ్డాం. ఆంటీ హ్యాండ్‌బ్యాగు రెండు చేతులతో పట్టుకుని గోడ వైపు చూస్తోంది. కాసేపటికి ఉర్దూలో ఏదో మొదలుపెట్టి, నన్ను చూసి, తెలుగులోకి మారింది.

"నా చెయ్యి హాయిగా ఉంటాదంటివే. అదీ మర్యాదకేనా?"

లిఫ్టు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. మా ముగ్గురిలో ఒక్కరమూ ఎక్కలేదు. అంకుల్ ఆమె వైపు తిరిగి, ఆ లేవని చేతిని మోచేతి దాకా మాత్రం ఎత్తి, ఆమె బ్యాగు మీద ఉంచారు.

"చెయ్యి లేవదని చెప్పకపోయింది మర్యాదకే. హాయిగా ఉండేది మాత్రం నిజం" అన్నారు.